వసకొమ్ము ఊరు తేల్చిన ల్యాబ్ (4/5)

మాది మూలికల కొట్టు. యూరప్ వస అని ఒక వ్యాపారి అంటగట్టిన సరుకు మీద అనుమానం వచ్చి ల్యాబ్‌కి పంపాను. కొమ్ము విరిస్తే గుప్పున అచ్చం మన వస వాసనే. వాళ్లు తైలం తీసి జీసీ-ఎంఎస్‌లో పెట్టారు. అది వాసనలోని పదార్థాలను విడదీసి, ఏది ఎంతుందో గ్రాఫ్‌లో చూపిస్తుంది. నా గ్రాఫ్‌లో ఒక గీత కొండలా లేచింది: బీటా అసరోన్ అనే పదార్థం, 81 శాతం. అమెరికా రకంలో అది ఉండదు, యూరప్ రకంలో కొద్దిగానే ఉంటుంది. ఇంత దండిగా ఉండేది ఆసియా రకంలోనే. ఇది దండిగా ఉన్న వస తైలం ఎలుకల్లో కణితులు తెచ్చిందని అమెరికా 1968లోనే వసను తిండిలో వాడకుండా నిషేధించింది. పసిపిల్లలకు వస అరగదీసి నాకించే ఇళ్లు మా దగ్గరే కొంటాయి, అందుకే నాకంత టెన్షన్. ల్యాబ్‌లోని అమ్మాయి ఫోన్‌లో ఎంతో ఓపిగ్గా విడమరిచి చెప్పింది. వారంలో ఇస్తామన్న రిపోర్టు 16 రోజులకు వచ్చింది, ఒక స్టార్ తగ్గించింది అందుకే. సరుకు మాత్రం వెనక్కి పంపేశాను.