"వెజ్ మటన్" ఫ్రోజెన్ ప్యాకెట్లు తెప్పించుకునేవాళ్ళు జాగ్రత్త, స్టిక్కర్ గోకి చూడండి

కార్తీకం వస్తే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో "వెజ్ మటన్, వెజ్ కీమా, సోయా చాప్, అచ్చం మటనే" అని ఫొటోలు పెట్టే ఆయన ఎవరో మీకు తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర తెప్పించిన అరకిలో వెజ్ మటన్ (సోయా, గోధుమలతో మాంసంలా చేసే ముక్కలు), 480 రూపాయలు, ఇవాళ పొద్దున చెత్తబుట్టలోకి పోయింది. డబ్బులు మాత్రం ముందే ఫోన్లో కొట్టించుకున్నాడు, అక్కడ ఆలస్యం లేదు.

ప్యాకెట్ చేతికొచ్చేసరికి రాయిలాగే ఉంది. మోసమంతా అందులోనే. ఇప్పుడు గడ్డగా ఉందంటే మధ్యలో కరగలేదని కాదు. ఈ ముక్కల్ని ఫ్యాక్టరీలో విడివిడిగా గడ్డకట్టిస్తారు. మైనస్ 18 డిగ్రీల దగ్గరే ఉంచి తెస్తే కవరు ఊపినప్పుడు గలగలమనాలి. ఇది మొత్తం ఒకటే దిమ్మ. కవరు లోపల మంచు పొర, ఒక మూలన గోధుమరంగు నీళ్ళు పేరుకుని గట్టిపడి ఉన్నాయి. అంటే పూర్తిగా కరిగింది, నీరంతా కిందికి దిగింది, దాన్నే మళ్ళీ ఫ్రీజర్లో పడేశారు. మామూలు ఫ్రీజర్లో మెల్లగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై సోయా పీచును చీల్చేస్తాయి. అలాంటి ముక్క పెనం మీద వేగదు. నీళ్ళు వదిలి ఆ నీళ్ళలోనే ఉడుకుతుంది. నీరు ఇగిరేదాకా వేడి 100 డిగ్రీలు దాటదు కాబట్టి ఎంత నూనె పోసినా ఎర్రబడదు, గరిటె తగిలితే పొడిపొడి. పైగా పులిసిన వాసన.

ఫోన్ చేస్తే ఆయనగారి జవాబు: "కరిగితే ఏమైంది మేడం? వెజ్జే కదా. పాడైపోడానికి అదేమన్నా చికెనా?"

ఈ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నా. వెజ్ అయితే పాడవదట! తడి, మాంసకృత్తులు ఉండి పులుపు లేని ఏ పదార్థమైనా 5 నుంచి 60 డిగ్రీల మధ్య గంటలకొద్దీ ఉంటే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది ముక్క సోయాదా మేకదా అని అడిగి పెరగదు. ఎండు మీల్‌మేకర్ డబ్బాలో నెలలు నిలవ ఉండేది అందులో తేమ లేదు కాబట్టి. దాన్నే నానబెట్టి రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేయండి, పొద్దున మూత తీయగానే తెలుస్తుంది. మళ్ళీ గడ్డకట్టించినంత మాత్రాన ఆ బ్యాక్టీరియా చావదు, పెరగడం ఆగుతుందంతే. ఇదంతా మర్యాదగా చెప్పి ఫొటోలు పంపితే "మీకు వండటం రాదేమో" అని బ్లాక్ చేశాడు. ఇంత జ్ఞానం ఉన్నాయన ప్యాకెట్లు అమ్ముకుంటూ ఎందుకున్నాడో.

ఇంకా ఉంది. పైన ఆయన సొంత స్టిక్కర్, "100% సోయా ప్రొటీన్" అని. గోకితే కింద అసలు లేబుల్. దినుసులు బరువు ఎక్కువ ఉన్నదాన్నించి తక్కువ ఉన్నదాని వరసలో రాయాలి. ఇక్కడ మొదటిది నీరు, రెండోది గోధుమ గ్లూటెన్ (గోధుమలోని సాగే మాంసకృత్తి), సోయా నాలుగో స్థానంలో! గ్లూటెన్ వాడటం తప్పేం కాదు, సోయా చాప్ అంటేనే సోయాలో మైదా కలిపి పుల్లకు చుట్టేది. దాచడం తప్పు. గోధుమ పడనివాళ్ళు తింటే ఎవరిది బాధ్యత? వెల్లుల్లి పొడి కూడా ఉంది. కార్తీక సోమవారాలు ఉల్లి, వెల్లుల్లి మానేసేవాళ్ళు చూసుకోండి. ఆకుపచ్చ చుక్క ఉన్నా పాలపొడి ఉండొచ్చు. పూర్తి వీగన్, అంటే పాలు కూడా లేనిది కావాలంటే 2022 నిబంధనలతో వచ్చిన వీగన్ గుర్తు వేరే ఉంటుంది, అది వెతకాలి.

ఆయన పోస్టులో రాసే "కుక్కర్లో 4 విజిల్స్" అసలు నమ్మకండి. ఇవి ముందే ఉడికిన ముక్కలు, నాలుగు విజిల్స్‌కి ముద్దైపోతాయి. మంచి ప్యాకెట్ దొరికితే రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనిచ్చి, నీళ్ళు వంచి, బట్టతో తడి అద్ది, ఒకదానికొకటి తగలకుండా 4, 5 నిమిషాలు వేయించి తీసేయాలి. మసాలా విడిగా నూనె తేలేదాకా మగ్గాక, దించే 5 నిమిషాల ముందు ముక్కలు వేయాలి. ఉప్పు సగమే, ముక్కల్లో ముందే ఉంటుంది. కబాబ్‌లు, నగ్గెట్స్ అయితే కరిగించకుండా నేరుగా నూనెలోకే. ప్యాటీల లేబుల్ మీద ఐఎన్ఎస్ 461 అనే నంబరు ఉంటే అది మిథైల్ సెల్యులోజ్, ముక్కను పట్టి ఉంచే పదార్థం. వేడికి బిగుసుకుని చల్లారితే వదులవుతుంది, అందుకే ఆ ప్యాటీలు వేడిమీదే తినాలి.

కీమా కోసమైతే ఈ తలనొప్పి అక్కర్లేదు. 100 గ్రాముల మీల్‌మేకర్ గ్రాన్యూల్స్, ఉప్పేసిన మరిగే నీళ్ళలో 5 నిమిషాలు. ఆ నీళ్ళు పారబోసి, చన్నీళ్ళలో రెండుసార్లు కడిగి, గట్టిగా పిండితే పచ్చివాసన చాలావరకు పోతుంది. తర్వాత నూనెలో పొడిపొడిగా వేయించి మసాలాలో కలపడమే.

కొనేవాళ్ళకి: ముందు డబ్బు కొట్టొద్దు. డెలివరీ అబ్బాయి ఉండగానే కవరు ఊపి చూడండి, దిమ్మైతే వెనక్కి పంపేయండి. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు లేకపోతే అసలు వద్దు. విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను స్టిక్కర్ ఫొటోలతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెట్టాను, ఇదే ప్యాకెట్ తగిలినవాళ్ళు మీరూ పెట్టండి.