పాండవుల గుట్టల దాకా నాలుగేండ్లు తొక్కిన గేర్ సైకిల్, విరిగిన బొటనవేలంత ముక్క

ఈ సైకిల్‌కు ఎన్ని గేర్లు, ఎంత బరువు, బ్రేకులు ఎట్లుంటయి అన్నది ఎక్కడ చూసినా దొరుకుతది, అవన్నీ వదిలేస్తున్న. నాకు మండేది ఒక్క దాని మీదనే, వెనక చక్రం కాడ హ్యాంగర్ అని ఒక ముక్క ఉంటది. బొటనవేలంత అల్యూమినియం బిళ్ళ, చైన్‌ను ఒక పళ్ల చక్రం మీదికెళ్లి ఇంకోదాని మీదికి మార్చే వెనక గేర్ సెట్ మొత్తం దానికే వేలాడుతది. కొన్నప్పుడు షాపాయన దాని ఊసే ఎత్తలే, నేనూ అడగలే, అసలు అట్లాంటిది ఒకటున్నదని తెలిస్తే కదా.

మాది హన్మకొండ, రాళ్లు గుట్టలు ఎక్కుడు నా సరదా. ఊర్లె ఎక్కేటందుకు రాళ్లు లేక కాదు, పద్మాక్షి గుట్ట ఉంది, వరంగల్ ఖిల్లాల ఏకశిల గుట్ట ఉంది, కానీ అదంతా గ్రానైట్, గుండ్రంగ నున్నగ ఉంటది, వేళ్లు పెడదామంటే అంచు దొరకదు. రేగొండ మండలంల పాండవుల గుట్టలు అట్ల కాదు, ఇసుకరాయి. పొరలు పొరలుగా ఉంటది, నిలువు నెర్రెలుంటయి, చేతులూ కాళ్లూ రెండూ పెట్టి పాకుతా ఎక్కొచ్చు. అక్కడ ఎదురు పాండవులు అనే చోట పాతకాలం రంగు బొమ్మలు కూడ ఉన్నయి (దయచేసి చేతులు పెట్టకండి, పేర్లు చెక్కకండి, ఇప్పటికే చెక్కినోళ్లు చాలు). మా ఇంటి నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పొద్దుగాల నాలుగున్నరకు బయల్దేరి, గూడెప్పాడ్ కాడ ములుగు రోడ్డు వదిలి, పరకాలల చాయ్ తాగి పోతే ఎండ ముదరకముందే గుట్ట కింద ఉంటం. బైక్ మీద పోవచ్చు కదా అంటరు మా ఆవిడతో సహా అందరు. పోవచ్చు. కానీ తొక్కుకుంటా పోతేనే గుట్ట దూరంగ కనపడి మెల్లగ పెద్దగైతది, అది నాకిష్టం.

మొదటి రెండేండ్లు ఈ సైకిల్‌ను అందరికీ తెగ పొగిడిన. ముఖ్యంగ అన్నిటికన్న చిన్న గేర్. డాంబర్ రోడ్డు దిగినంక మట్టిబాట, ఇసుక, ఎడ్లబండి గాడి, అక్కడ ఆ గేర్ వేస్తే కూసున్నకాడికే ఎక్కిపోతది, దిగి తోసే పని లేదు. ఎక్కేటందుకు తొడల్ల జర బలం మిగులుతది. ఇప్పటికీ అది అబద్ధమని అనను, కానీ ఆ గేర్ వేసినప్పుడు చైన్ లోపటి పెద్ద పళ్ల చక్రం మీదికి పోతది, గేర్ సెట్ మొత్తం చువ్వల పక్కకు జరుగుతది, అంటే ఏదన్న ఇరుక్కుంటే తప్పించుకునే సందు ఉండదు, ఈ సంగతి పొగిడినప్పుడు నాకు తెల్వదు.

పోయిన దసరా అయినంక సంగతి. పత్తి ఏరుతున్నరు చేన్లల్ల. సైకిల్ ఎప్పటిలెక్కనే ఒక రైతు మోటర్ కాడ పెట్టి తాళం వేసి ఎక్కిన. వానలు ఆగి కొద్ది రోజులే, రాయి మీద నల్లగ పాచి చారలున్నయి, వాటి మీద అడుగు పడితే అంతే సంగతి, అందుకే ఎండ తగిలిన తెల్ల రాయి ఎంచుకుంటా పోయిన. దిగేటప్పుడు ఒక నెర్రెల కాలు పెట్టేది ఎక్కడో కనపడక పావుగంట బల్లి లెక్క అట్లనే ఉన్న. మొత్తానికి ఒంటిగంటకు దిగిన, మోకాళ్లు వణుకుతున్నయి. నీళ్లు తాగి సైకిలెక్కిన, నూరు గజాలు పోయిన్నో లేదో, గడ్డిలున్న ఎండు కట్టె ఒకటి లేచి గేర్‌ల పడ్డది. టప్పుమన్నది. హ్యాంగర్ రెండు ముక్కలు. గేర్ సెట్ పోయి చువ్వల్ల చిక్కి రెండు చువ్వలు తెంపింది.

రేగొండ దాకా తోసుకుంటనే పోయిన, ఎంతసేపు పట్టిందో అడగొద్దు. అక్కడ ఒకప్పుడు సైకిల్ టాక్సీ నడిపిన పెద్దాయన ఉన్నడు, ఇప్పుడు బండ్ల పంచర్లేస్తడు. చూసి నవ్విండు. "గింత ముక్కకు గింత సైకిల్ ఆగుతదా కొడుకా?" అన్నడు. ఆగుతది కాకా అన్న, ఇంకేమంట. ఆయన గేర్ సెట్ మొత్తం ఊడబీకి, నట్టు మీద చైన్ పెట్టి మేకుతోని పిన్ను కొట్టి, చైన్ పొట్టిగ చేసి, ముందు నడిమి చక్రం వెనక నడిమి చక్రం కలిపి ఒకే గేర్ సైకిల్ చేసిండు. పైసలు అరవై తీసుకున్నడు. నేను వంద ఇస్తే నలభై తిరిగిచ్చిండు.

ఖుషీగ బయల్దేరిన కానీ గేర్ సెట్ లేకుంటే చైన్ బిగువు పట్టేదేం ఉండదు కదా, చైన్ తనకు తానే పక్క పెద్ద చక్రం మీదికెక్కి వీణ తీగ లెక్క బిగుసుకుంటున్నది, పెడల్ తిరగది. దిగాలె, వేలుతో కిందికి దింపాలె, మళ్ల తొక్కాలె. పరకాల దాకా పదకొండు సార్లు లెక్కపెట్టిన, తర్వాత లెక్క మర్చిపోయిన. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర, చేతుల నిండ మడ్డి, మా అమ్మ తలుపు కాడనే ఆపి కిరసనాయిల్ గుడ్డ ఇచ్చింది.

తర్వాత తెలిసిందేందంటే ఆ హ్యాంగర్‌ను కావాలనే మెత్తగ చేస్తరట, దెబ్బ తగిలితే అది విరిగి ఫ్రేమ్ బతకాలని. సరే, ఒప్పుకుంట, నా ఫ్రేమ్‌కు గీత కూడ పడలే. నా కోపం వేరే. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం, ఇక్కడి షాపుల్ల తిరిగిన, ఎక్కడా లేదు, విరగడానికే పెట్టిన ముక్కను సైకిల్‌తో ఇంకోటి ఇయ్యరా? ఆన్‌లైన్‌ల రెండు తెప్పిచ్చిన. ఒకటి సరిపోయింది. రెండోదాని బోల్టు రంధ్రం అగ్గిపుల్లంత పక్కకున్నది.

కొనాల్నా వద్దా అంటే, నేను 84 కిలోలు, రెండు నెలలకోసారి పోత, ఒంటరిగ పోత. భద్రకాళి బండ్ మీద పొద్దుగాల తిరిగేటోళ్లకైతే నాకేం అభ్యంతరం లేదు, మంచి సైకిలే. గుట్టల కాడికి పోయేటోళ్లు మాత్రం ముందు హ్యాంగర్ ఫొటో తీసి అదే ఆకారం దొరుకుతదో లేదో చూడండి, దొరికితే సంచిల వేసుకొని అప్పుడు బయల్దేరండి. నేనైతే ఇప్పుడు మట్టిబాట రాంగనే దిగి తోసుకుంటున్న, ఆ చిన్న గేర్ జోలికి పోతలేను.