బురద బండ్లకు ప్రెషర్ వాషర్: రెండు వానాకాలాల అనుభవం

నల్లరేగడి పొలాల దారిలో తిరిగి వచ్చిన మోటారు సైకిల్‌ను మామూలు గొట్టపు నీటితో కడగడం ఎంత శ్రమో చేసినవారికే తెలుసు. ఆ మట్టి ఎండితే మడ్‌గార్డు లోపల పెంకులా బిగుసుకుపోతుంది. రెండు వానాకాలాలుగా మేము వాడుతున్న, నీటిని గట్టి పీడనంతో చిమ్మే 1,800 వాట్ల ప్రెషర్ వాషర్ ఆ పనిని చాలా తేలిక చేసింది.

కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అంకెలతో ముద్రించే గరిష్ఠ పీడనాన్ని కాక, అంతకంటే తక్కువగా ఉండే పని పీడనాన్ని (వాడేటప్పుడు నిలకడగా అందేది), నిమిషానికి వచ్చే లీటర్లను చూడాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పీడనం మట్టిని విడగొట్టినా దానిని కొట్టుకుపోయేలా చేసేది నీటి పరిమాణమే. కారుకు, బైకుకు 100 బార్ల (బార్ అంటే పీడనపు కొలత) దరిదాపు పని పీడనం, నిమిషానికి 6 లీటర్ల నీరు సరిపోతాయి. ట్రాక్టరు కూడా కడగవలసి ఉంటే, బరువూ ధరా ఎక్కువైనా, తక్కువ శబ్దంతో ఎక్కువసేపు నడిచే ఇండక్షన్ మోటారు రకమే మేలు. కుళాయి ధార సన్నగా ఉండే ఇళ్లలో బకెట్టు నుంచి నీటిని తానే లాక్కునే సౌకర్యం తప్పనిసరి. నీరు లోపలికి వెళ్లే చోట ఫిల్టరు లేకపోతే ఇసుక చేరి పంపు అరిగిపోతుంది.

మా యంత్రంలో నాకు నచ్చనిది పొట్టి గొట్టం: 5 మీటర్లే కావడంతో కారు చుట్టూ యంత్రాన్ని ఈడ్చుకు తిరగవలసి వస్తోంది. 8 మీటర్లు ఉన్నది దొరికితే అదే తీసుకోండి.

రంగు మీద విసనకర్రలా విచ్చుకునే ధారనే, అదీ అడుగు దూరం నుంచి వాడాలి. రేడియేటరు రెక్కలపైన, చక్రాల బేరింగులపైన సూటి ధారను ఎన్నడూ కొట్టకూడదు.