ముందు జడ, వెనక చిక్కు: మూడేళ్లు వాడిన స్లీవ్డ్ కేబుల్స్

మా కంప్యూటర్ కేసుకి ఒక పక్క గాజు తలుపు. లోపల మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు ముచ్చటగా ఉన్నా, వాటి మీదుగా పసుపు, ఎరుపు, నలుపు వైర్లు పీచులా వేలాడేవి. మూడేళ్ల కిందట తెలుపు, నీలం నైలాన్ అల్లిక తొడిగిన (స్లీవ్డ్) ఎక్స్‌టెన్షన్ కేబుల్స్ సెట్టు తెప్పించాను, అంటే పవర్ సప్లై వైర్ల చివర తగిలించేవి. మదర్‌బోర్డుకి 24 పిన్నులది ఒకటి, సీపీయూకి, అంటే ప్రాసెసర్‌కి, 8 పిన్నులది ఒకటి, గ్రాఫిక్స్ కార్డుకి రెండు. వైర్లు విడిపోకుండా ప్లాస్టిక్ దువ్వెనలు కూడా ఇచ్చారు. బిగించాక అమ్మ చూసి, "ఏటిరా, కంప్యూటర్‌కి జడేసినావా?" అంది.

నా పవర్ సప్లై వైర్లు ఊడదీసే రకం కాదు, కాబట్టి ఎక్స్‌టెన్షన్ తప్ప వేరే దారి లేదు. మాడ్యులర్, అంటే వైర్లు ఊడదీసే రకం, సప్లై ఉన్నవాళ్లు అందం కోసం వేరే కంపెనీ కేబుల్స్ తెచ్చి నేరుగా గుచ్చకండి. మదర్‌బోర్డు వైపు పిన్నుల వరస అందరిదీ ఒకటే. సప్లై వైపు మాత్రం కంపెనీకో వరస, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో వరస. ప్లగ్గు సరిగ్గా పడినా, స్విచ్ వేస్తే బోర్డో డిస్కో కాలిపోవచ్చు.

గాజు వైపు నుంచి చూస్తే ఇప్పటికీ ముద్దొస్తుంది. వెనక తలుపు సంగతి వేరు. ఒక్కో కేబుల్ 30 సెంటీమీటర్లు. ముందు కనిపించే ముక్క పోను మిగిలిందీ, దానికి తోడు సప్లై సొంత వైర్లూ, రెండూ వెనకే దాక్కోవాలి. మోకాలితో నొక్కితే గానీ తలుపు పట్టేది కాదు. మొదట్లో ప్లాస్టిక్ ట్యాగులు వేసి, ఏదైనా మార్చాల్సి వచ్చినప్పుడల్లా కత్తిరించేవాణ్ణి. వెల్‌క్రో పట్టీలకి మారాక ఆ బాధ పోయింది.

మాది విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ, కిటికీ తీస్తే సముద్రపు గాలి. కేసు వెనక మరలు తుప్పు పట్టాయి గానీ అల్లిక చెక్కుచెదరలేదు. రంగు మాత్రం, తెలుపు కాస్తా బూడిద తెలుపైంది. అల్లికలో దూరిన దుమ్ము బ్రష్‌కి రాదు. మళ్లీ కొంటే నలుపే.

పోయిన వానాకాలం ఒక రోజు కంప్యూటర్ ఆన్ కాలేదు. సప్లై పోయిందేమోనని టెన్షన్. ద్వారకానగర్‌లో షాపుకి తీసుకెళ్తే, షాపతను సప్లైని ఆన్ చేసే ఆకుపచ్చ వైరుని నలుపుతో కలిపి సప్లై పరీక్షిద్దామని చూశాడు. నా జడలో ఆకుపచ్చ ఏది? అన్నీ తెలుపూ నీలమే. చివరికి ఎక్స్‌టెన్షన్ పీకేసి, సప్లై సొంత ప్లగ్గులో కలిపితే ఫ్యాను గిర్రున తిరిగింది. తప్పు ఎక్స్‌టెన్షన్‌దే, 24 పిన్నుల ప్లగ్గులో ఒక పిన్ను వెనక్కి జారిపోయింది. టక్కుమనేదాకా లోపలికి నెట్టి బిగించాడు, మళ్లీ ఆ బాధ రాలేదు. బహుశా బిగించేటప్పుడు నేనే ప్లగ్గు పట్టుకోకుండా వైర్లు పట్టుకుని తోసి ఉంటాను.

గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు కేబుల్స్ అలాగే ఉంచాను. సీపీయూది తీసి అలమరాలో పడేశాను. అది బోర్డు పై మూలన ఫ్యాను చాటున ఉంటుంది, మూడేళ్లలో ఎవరికీ కనిపించలేదు. వెనక తలుపు ఇప్పుడు చేత్తోనే పడుతోంది.