సకినాల షాపుకు మూడు నెలల పీఆర్: నా అనుభవం

ఉప్పల్‌లో నేనూ మా ఆడపడుచూ సకినాలు, గరిజెలు, మురుకులు చేసి అమ్ముతాం. ఆరేళ్లు నోటిమాట మీదే నడిచింది. రెండో షాపు తెరిచేముందు, సంక్రాంతి గిరాకీ చూసుకుని, మాదాపూర్‌లోని ఒక పీఆర్ సంస్థతో (మన గురించి పత్రికల్లో వార్తలు వచ్చేలా చూసేవాళ్లు) మూడు నెలలకు ఒప్పందం చేసుకున్నాం. నెలకు 50 వేలు, జీఎస్టీ అదనం. మాకది పెద్ద మొత్తమే.

మొదటి మీటింగ్‌కు ఒక సీనియర్ మేడమ్ వచ్చారు. బియ్యం ఎంతసేపు నానబెడతారు, చుట్టేది ఎవరు, వాళ్లది ఏ ఊరు అని రెండు గంటలు అడిగి రాసుకున్నారు. అమెరికాలో పెద్ద పీఆర్ సంస్థ పెట్టిన డేనియల్ ఎడెల్‌మన్ కథ కూడా ఆవిడే చెప్పారు. ఇంట్లోనే జుట్టు ఉంగరాలు తిప్పుకునే టోనీ అనే సామాను కంపెనీలో ఆయన పనిచేసేవాడు. కవల అక్కచెల్లెళ్లలో ఒకరికి టోనీతో, ఇంకొకరికి సెలూన్‌లో జుట్టు చేయించి, ఏది ఏదో చెప్పమని ఊరూరా విలేకరుల ముందు నిలబెట్టాడు. 1952లో షికాగోలో సొంత సంస్థ పెడితే మొదటి క్లయింట్ ఆ టోనీయే. చెప్పేదేదో కళ్లముందు చూపించాలన్న ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది.

ఆ తర్వాత నేనే కూర్చుని ఇంకొంత చదివాను. ఎడెల్‌మన్ సంస్థ కుటుంబం చేతుల్లోనే ఉంది. 1996లో కొడుకు రిచర్డ్ సీఈవో అయ్యాడు, తండ్రి 2013లో పోయారు. హెరాల్డ్ బర్సన్, బిల్ మార్స్‌టెల్లర్ 1953లో మొదలుపెట్టిన ఇంకో పీఆర్ సంస్థ బర్సన్-మార్స్‌టెల్లర్‌ది వేరే దారి. 1979లో యంగ్ అండ్ రూబికామ్ అనే ప్రకటనల కంపెనీకి అమ్ముడుపోయింది, 2000లో దానితోపాటే డబ్ల్యూపీపీ అనే ఇంకా పెద్ద ప్రకటనల గ్రూపు కిందికి వచ్చింది. 2018లో కోన్ అండ్ వోల్ఫ్, 2024లో హిల్ అండ్ నోల్టన్ అనే పీఆర్ సంస్థలతో కలిసి ఇప్పుడు ఉత్త ‘బర్సన్’ అయింది. యజమానులు అన్నిసార్లు మారినా హెరాల్డ్ బర్సన్ మాత్రం తొంభై దాటాక కూడా ఆఫీసుకు వెళ్లేవారట. సంస్థ ఎంత పెద్దదైనా మన పని చూసే మనిషి ఎవరన్నదే ముఖ్యమని నాకు అప్పుడే అనిపించింది. మా విషయంలో దెబ్బ తిన్నది కూడా అక్కడే.

రెండో వారం నుంచి మేడమ్ కనిపించలేదు. కొత్తగా చేరిన అబ్బాయికి మా పని అప్పగించారు. సోమాజిగూడలో ప్రెస్ మీట్ పెట్టి అతను పంచిన ప్రెస్ నోట్‌లో సకినాలను ‘జంతికలు’ అని రాశాడు. మా ఆడపడుచు ఆ కాగితం పట్టుకుని, "వదినా, నువ్వులు, వాము వేసి చేత్తో చుట్టినదాన్ని గిద్దలతో ఒత్తినదంటారా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అబ్బాయి మంచివాడే, కానీ అతనికి చెప్పినవాళ్లు లేరు. ఫోన్ చేసి గట్టిగా అడిగాక సవరించిన నోట్ పంపారు.

నెలాఖరు రిపోర్టూ నచ్చలేదు. వచ్చిన వార్తల సైజు కొలిచి, అంత చోటులో ప్రకటన వేస్తే ఎంతయ్యేదో లెక్కగట్టి, అదే లాభమన్నారు. 2010లో బార్సిలోనాలో ఈ రంగం వాళ్లే కూడి, ఆ లెక్క పీఆర్ విలువ చెప్పదని తేల్చారు. అది చూపించి, షాపుకు ఎంతమంది వచ్చారో రాయమన్నాను. మూడో నెలలో రాశారు.

మేలు కూడా చెప్పాలి. మేడమ్ మొదటిరోజు రాసుకున్న వివరాలతోనే, మా దగ్గర సకినాలు చుట్టే ఐదుగురు ఆడవాళ్ల మీద ఒక తెలుగు పేపర్ సిటీ పేజీలో మంచి కథనం వచ్చింది. ఆ వారం పొద్దున్నే క్లిప్పింగ్ పట్టుకుని మల్కాజిగిరి, నాగోల్ నుంచి వచ్చారు. చుట్టేవాళ్లను చూస్తామని అడిగి లోపలికొచ్చారు. ప్రెస్ మీట్‌కు పెట్టిన ఖర్చుతో ఒక్కరూ రాలేదు.

ఐదుకు మూడు స్టార్లు. ఇంకో మూడు నెలలు పొడిగించాం. ఈసారి ఒప్పందంలో మేడమ్ పేరు రాయించాం. నెలకు రెండుసార్లు ఉప్పల్ రావాలి, ప్రతి నోటూ మా ఆడపడుచు చదివాకే బయటికి పోవాలి.