మా చర్చి హాల్లో ఏకపాత్రాభినయం పెట్టించాం, మీరూ పిలవండి

మాది ఒంగోల్లో బాప్టిస్టు సంఘం. మొన్న శనివారం స్త్రీల సమాజం తరపున ఒక ఏకపాత్రాభినయం పెట్టించాం, ఒక్కావిడే గంటా పావు చేసింది, బైబిల్లో ఆడవాళ్ల గురించి, దేవుడి ముందు ఆడామగా తేడా గురించి. పక్క చర్చివాళ్లు ఎట్లా ఉంది పిలవచ్చా అని ఫోన్లు చేస్తున్నారు, అందుకే రాస్తున్నా.

సామాను పెద్దగా ఏం లేదు, ఒక స్టూలు, నీళ్ల చెంబు, ఒక తెల్ల చీర. ఆ చీరే ముసుగు, అదే నడికట్టు, మగ్దలేనే మరియ యేసు సమాధిలోకి తొంగి చూసేటప్పుడు అదే మడిచిపెట్టిన బట్ట. మార్కు సువార్త 5లో పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, వెనక నుంచి యేసు వస్త్రం ముట్టుకుని బాగుపడిన ఆవిడ ఉంది కదా, ఆ భాగంలో మాటల్లేవు, వెనక నుంచి చాపల మధ్య మోకాళ్ల మీద వచ్చి, ముందు కూర్చున్న మా పాస్టరు అయ్యగారి పంచె అంచుకి జానెడు దూరంలో చెయ్యి ఆపేసింది, ఎంతసేపు ఆపిందో తెలీదు, హాలంతా ఫ్యాన్ల చప్పుడే. మా అమ్మమ్మ బయట చేరిన రోజుల్లో ప్రభువు బల్ల (చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకునేది కాదు, ఎవరూ వద్దన్లేదు, తనే గుమ్మం దగ్గర కూర్చునేది. నాకు ఆమే కనిపించింది, ఏడుపు ఆగలా.

అపొస్తలుల కార్యములు 8 దగ్గర అందరూ సర్దుకుని కూర్చున్నారు. అందులో దారిలో నీళ్లు కనపడగానే ఫిలిప్పుని బాప్తిస్మం అడిగిన ఐతియొపీయుడు ఉన్నాడు, మన తెలుగు బైబిల్లో ఆయన్ని నపుంసకుడు అనే రాశారు, బజార్లో మనం తిట్టుగా వాడే మాట, ఆవిడ దాన్ని మింగేయకుండా స్పష్టంగా పలికింది. చెంబులో నీళ్లు దోసిట్లో పట్టుకుని, ఇవిగో నీళ్లు, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డం ఏందని మమ్మల్నే అడిగింది, నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి, ఒక్కరూ నోరు మెదపలా. 1878 జూలై 3న మిషనరీ క్లౌ దొరగారి కాలంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం ఎంత గొప్పగా చెప్పుకుంటాం, ఊరి బయట ఉంచినవాళ్లే కదా ఆ రోజు ఎక్కువమంది నీళ్లలోకి దిగింది. మరి రైల్లో మన దగ్గరికొచ్చి చప్పట్లు కొట్టే హిజ్రా ఆదివారం చర్చికొస్తే ఏ వైపు కూర్చోమంటాం, ఆడవాళ్ల వైపా మగవాళ్ల వైపా? ఇంటికొచ్చాక కూడా ఇదే తిరుగుతోంది బుర్రలో.

లోపాలు కూడా చెప్పాలి. మేం అద్దెకి తెచ్చిన కాలర్ మైకు గరగరమంది, వెనకున్న ముసలమ్మలకి సగం మాటలు వినపడలేదు, ముందే ఒకసారి చూసుకోండి. ప్రశ్నలకి పది నిమిషాలే ఇచ్చాం, అది మా తప్పే, కనీసం అరగంట కావాలి. ఆడవాళ్లు వాక్యం చెప్పకూడదని ఒక పెద్దాయన లేచారు, ఆవిడ వాదించకుండా రోమా పత్రిక 16 తీసి, సంఘ పరిచారకురాలు ఫీబే గురించి ఆయన చేతే చదివించింది. నంద్యాలలో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లకి 2013లోనే పుష్పలలిత గారు బిషప్ అయ్యారని నేను చెప్దామనుకునేలోపే టైమ్ అయిపోయింది.

ఫీజు ఇంత అని అడగలేదు, బస్సు చార్జీలు, భోజనం, మనకి తోచిన కానుక. చిన్నపిల్లల్ని తీసుకురావద్దు, మధ్యలో లేస్తే ఆవిడకి ఇబ్బంది. ఒక్క స్త్రీల సమాజానికే పెట్టకండి, మాకు మగవాళ్లు పదిమంది కూడా రాలేదు. ఈసారి ఆదివారం ఆరాధన అవ్వగానే పెడదాం అయ్యగారూ అని అడిగాం, కమిటీలో మాట్లాడి చెప్తా అన్నారు.