జైల్లో మనవాడుంటే: చేతిలో నోటు పెట్టడం మేలా, అర్జీ పెట్టడం మేలా?

మా వీధి పిన్నిగారబ్బాయి కొట్లాట కేసులో రిమాండ్‌కెళ్ళి వేరే జిల్లా జైల్లో ఉన్నాడు. తెల్లవారకముందే విజయవాడ బస్టాండ్‌లో బస్సెక్కి ఇద్దరం వెళ్ళాం. గేటు బయట టీ బంకు దగ్గర ఒకాయన తగులుకున్నాడు. "లోపల మనవాళ్ళున్నారమ్మా. రెండు వేలిస్తే పిల్లాణ్ణి మంచి బ్యారక్‌లో వేయిస్తా." పిన్ని కొంగుముడి విప్పబోతుంటే నేనే చెయ్యి పట్టుకున్నాను.

డబ్బిస్తే కొన్ని పనులు త్వరగా అవుతాయి, కాదనను. పడుకోవడానికి కాస్త చోటు, బీడీ కట్ట, క్యూ లేకుండా ఇంటివాళ్ళని కలిసే ములాఖత్. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5.73 లక్షల మంది ఉంటే, 4.34 లక్షల మందికి ఇంకా శిక్షే పడలేదు. చోటు కరువైన దగ్గర చోటుకి రేటు పుడుతుంది. ఆ రేటు ఒక్కసారితో తీరదు. ఇంటివాళ్ళు ఇవ్వగలరని తెలిస్తే పిల్లాడినే పీడిస్తారు, "మీ అమ్మకి చెప్పు" అని. ఇవ్వలేని వారం వాడి గతేంటన్న టెన్షన్ మనకి. ఎంతిచ్చినా బెయిల్ ఒక్క రోజు కూడా ముందుగా రాదు. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్ళకీ ఏడేళ్ళ దాకా జైలు పడొచ్చు. బలవంతం మీద ఇచ్చినవాళ్ళు 7 రోజుల్లోగా ఏసీబీకో పోలీసులకో చెప్పుకుంటే మినహాయింపు ఉంది.

అర్జీ దారి నెమ్మదే. కానీ కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేస్తే చాలు. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు తన మీదున్న నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే, విడుదల కోసం జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాయాలి. 2024 జులై నుంచి చట్టం ఇదే. ఉరి, యావజ్జీవం పడే నేరాలకీ, ఇంకో కేసు నడుస్తున్నవాళ్ళకీ ఇది వర్తించదు.

అర్జీతో ఉన్న అసలు భయం కక్ష సాధింపు. జైలు నుంచే వీడియోలో కోర్టు వాయిదా జరిగేటప్పుడు పక్కనే సిబ్బంది ఉంటే పిల్లాడు జడ్జిగారికి ఏం చెప్పగలడు? అందుకే ఫిర్యాదు లాయర్ చేత రాయించాలి. వాడికి ఒంట్లో బాగోకపోతే అదే రోజు కోర్టులో పిటిషన్ వేయించాలి.

నా మటుకు నాకు అర్జీయే మేలు. పిన్ని ఆ రెండు వేలలో కొంత జైలు క్యాంటీన్ ఖర్చులకని కొడుకు పేరిట కట్టింది. రసీదు మడిచి అదే కొంగున ముడేసుకుంది.